ముకాదం కాండక్ట్ సర్టిఫికెట్

నాందేడ్
2 ఫిబ్రవరి 2025

చి. హరిప్రియకు,

మేనత్త సత్యభామ రాస్తున్నది. ఇక్కడ అందరం కుశలం. నీ కుక్క అందరికంటే ఎక్కువ కుశలం.

నిన్న ఫోన్లో నువ్వు అరిచావు, నేనూ అరిచాను, చివరికి ఎవరేం అన్నారో ఇద్దరికీ తెలియలేదు. ముప్పై ఆరేళ్లు రైల్వేలో పనిచేశాను. మొదటి పదకొండేళ్లు పార్సిల్ ఆఫీసులో, మిగతావి సిబ్బంది సెక్షన్లో. నోటితో చెప్పినవాళ్లెవరూ ఆ మాట మీద నిలబడగా నేను చూడలేదు. కాబట్టి ఇక నీ కుక్క గురించి ఏమున్నా కాగితం మీదే. నేను రాసింది స్టేషన్ రోడ్డులో జిరాక్స్ దుకాణం దత్తు స్కాన్ చేసి నీకు పంపుతాడు. నువ్వు పంపింది అచ్చు తీసి నాకిస్తాడు. వాడికి తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు, కాబట్టి నువ్వేం రాసినా ఊరికి తెలియదు.

అసలు విషయం. పోయిన ఏప్రిల్‌లో ఐర్లాండ్‌లో నర్సు ఉద్యోగం వచ్చిందని ఎగురుకుంటూ పోయావు. పోతూ పోతూ ఈ జంతువును నా వరండాలో కట్టేసి, "ఆరు నెలలే అత్తా, ఇల్లు దొరకంగనే తీస్కపోత" అన్నావు. పది నెలలు నిండాయి. మీ నాన్న దగ్గర వదలడానికి లేదు. మా తమ్ముడు లక్ష్మణరావు ముఖేడ్‌లో పెద్ద ఆఫీసరే గాని కుక్కపిల్ల ఎదురైతే రోడ్డు మారుస్తాడు. మీ అమ్మకు ఆయాసం. మిగిలింది పెళ్లీ పెటాకులూ లేని మేనత్త. ఆమెకు వేరే పనేముంది, కుక్కను కాస్తుందిలే అని అందరూ కలిసి తేల్చేశారు.

ఉమ్రి స్టేషన్ ప్లాట్‌ఫారం మీద చలికి వణుకుతుంటే ఎత్తుకొచ్చావు. అక్కడే వదిలేసి ఉంటే ఈపాటికి టికెట్ లేనివాళ్లను పట్టుకునే ఉద్యోగంలో చేరి ఉండేది. పేరు పెట్టడం ఒక్కటే నువ్వు సరిగ్గా చేసిన పని. పట్టాల మీద గ్యాంగు చెమటోడుస్తుంటే పక్కన నిలబడి అజమాయిషీ చేసేవాణ్ని మా రైల్వేలో ముకాదం అంటారు. ఇదీ అంతే. పనిమనిషి చంద్రభాగ అంట్లు తోముతుంటే ఎదురుగా కూర్చుని ప్రతి గిన్నెనూ తనిఖీ చేస్తుంది. నేను బట్టలు ఆరేస్తుంటే తీగ కింద కాపలా. తాను చేసే పని మాత్రం ఒక్కటి చూపించు. రేపు దొంగ వస్తే వాడి పనినీ అట్లాగే కూర్చుని చూస్తుంది.

జూలై ముప్పై ఒకటి. ఆ తేదీలోపు తీసుకుపోకపోతే ధర్మాబాద్ ధాన్యం మార్కెట్లో వదిలేసి వస్తాను. అక్కడ బస్తాలు, హమాలీలు చాలామంది ఉన్నారు, అజమాయిషీకి లోటుండదు. ఈ మాట రాసి సంతకం పెడుతున్నాను.

ఆశీస్సులతో (నీకు మాత్రమే),
సత్యభామ

*

లిమరిక్
16 ఫిబ్రవరి 2025

అత్తకు నమస్కారం.

నీ హుకుం అందింది. దాంతోపాటు నీ టీ కప్పు మరక కూడా స్కానులో వచ్చింది. నేనేదో ఇక్కడ కాలు మీద కాలేసుకుని కూర్చున్నట్టు రాశావు కాబట్టి, ఈ ఊళ్లో కుక్కతో సహా అద్దె ఇల్లు వెతకడమంటే ఏమిటో చెబుతాను.

ఒక ఇల్లు చూపిస్తామని సమయం ఇస్తారు. వెళ్తే మన గురుద్వారాలో లంగరు భోజనానికి ఉన్నంత వరుస. లంగరులో వరుస చివరికి చేరితే పప్పూ రొట్టె అయినా పెడతారు. ఇక్కడ ఒక ఏజెంటు చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడి, గోడ మీద పట్టిన బూజును చూపించి పాతకాలపు అందం అంటాడు. ఆ అందం కోసం నలభై మంది జీతం కాగితాలు పట్టుకుని వానలో నిలబడతారు. నా వంతు వచ్చి, కుక్క ఉందనగానే నేనేదో రోగం ఉందని చెప్పినట్టు ఒక అడుగు వెనక్కి వేస్తాడు.

ఇప్పటికి పద్నాలుగు ఇళ్లు చూశాను. ఒకాయన కుక్కకు సరేనన్నాడు గాని పోపు పెట్టకూడదన్నాడు. కుక్క వాసన గోడలకు పట్టదట, జీలకర్ర వాసన పడుతుందట. ఇంకొకాయన పెరట్లోని షెడ్డులో కుక్కను ఉంచుకోవచ్చన్నాడు. షెడ్డూ చూశాను, ఇల్లూ చూశాను. ముకాదం షెడ్డులో, నేను ఇంట్లో ఉంటే నాకే అన్యాయం. మరో మహాతల్లి ఫారం పంపింది, అందులో కుక్క బరువు, ఎత్తు, జాతి రాయాలి. జాతి దగ్గర ఏం రాయాలో తెలియక ఉమ్రి అని రాశాను. ఆమె నిజంగానే ఎక్కడెక్కడో వెతికి, ఉమ్రి జాతి మా ప్రమాదకర కుక్కల జాబితాలో లేదు గాని ఎందుకైనా మంచిది, వద్దు అని జవాబిచ్చింది. ఎనిమిది వందల ఏళ్ల కోటలున్నాయని గొప్పలు చెప్పుకునే ఊరు, ఒక వీధికుక్కకు భయపడుతోంది.

నువ్వు నవ్వుతావని తెలుసు. అయినా రాస్తున్నాను. ఇక్కడ నేనుండే గది తలుపు తీస్తే నా కోసం లేచేవాడు ఎవడూ లేడు. నాందేడ్‌లో డ్యూటీ దిగి వస్తే గేటు చప్పుడుకే వాడు తోక ఊపుతూ మెట్లు దిగేవాడు. వాడు నాకు కావాలి. అందుకే ఈ తిరుగుడంతా.

ఇక నీ పని. విమానంలో తేవాలంటే ముందు వాడి చర్మం కింద నంబరున్న చిన్న చిప్ పెట్టించాలి, అదే రోజు పిచ్చికుక్క టీకా వేయించాలి. నెల దాటాక రక్తం తీయించి పరీక్షకు పంపాలి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ఒక్క రోజు తప్పినా నీ జూలై కాస్తా దసరా అవుతుంది. దయచేసి డాక్టరు శుభాంగి దగ్గరికి తీసుకెళ్లు. వాణ్ని తాడుతో లాగకు, పిలిస్తే వస్తాడు.

నీ మేనకోడలు,
హరి

*

నాందేడ్
9 మార్చి 2025

చి. హరికి,

మార్చి ఒకటిన నంబరు పెట్టించాను. పదిహేను అంకెలు. నా ముప్పై ఆరేళ్ల సర్వీసులో నాకిచ్చిన నంబరు కూడా అంత పొడుగు లేదు. డాక్టరు శుభాంగి సూది బయటికి తీయగానే నీ వీరుడు ఆసుపత్రి మొత్తం కదిలేలా అరిచాడు. పక్కన ప్రసవానికి వచ్చిన బర్రె కూడా అంత గోల చేయలేదు. తర్వాత నా చీర కుచ్చిళ్లలో తల దూర్చి అరగంట బయటికి రాలేదు. జనం నన్ను చూసి నవ్వారు. టీకా కూడా అయింది. ఏప్రిల్ ఐదున రక్తం.

పిలిస్తే వస్తాడన్నావు. ఎవరు పిలిస్తే? చంద్రభాగ పిలిస్తే వస్తుంది, ఎందుకంటే చపాతీకి నెయ్యి రాసే అలవాటు ఆమే చేసింది. నెయ్యి లేకపోతే వాసన చూసి, ఇదేం తిండి అన్నట్టు నా మొహం వంక చూస్తుంది. నేను ఎవరినీ అలా చూడనిచ్చినదాన్ని కాను, మా ఆఫీసులో గుమస్తాలను అడుగు.

పొద్దున్నే అయిదింటికి లేపుతోంది. సాయంత్రం స్టేషన్ దాకా నేను నడిచే నడక కాస్తా దాని నడక అయింది. ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగి ఏదో ఫైలు చదువుతున్నట్టు నిలబడుతుంది. వెనక నేను గుమస్తాలా నిలబడాలి. రిటైరయ్యాక ఇంకొకరి కింద పనిచేస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

ఆ పోపు వద్దన్నవాడి ఇంట్లో అడుగు పెట్టకు. మనిషన్నవాడు జీలకర్ర వాసన భరించలేకపోతే వాడి ఇంట్లో ఇంకేం ఉంటుంది?

జూలై గుర్తుంది కదా.

సత్యభామ

*

లిమరిక్
30 మార్చి 2025

అత్తా,

నమస్కారం పెట్టే ఓపిక లేదు. నిన్న దత్తుతో ఫోన్లో మాట్లాడాను. నువ్వు అతని దుకాణంలో నిలబడి ధర్మాబాద్‌కు పొద్దున బండి ఎన్నింటికి, కుక్కను ఎక్కించనిస్తరా అని అడిగావట. ఇంకా ఏం చెప్పాడో తెలుసా. "చంద్రభాగ అన్నది తాయీ, ముకాదం ఇప్పుడు వరండాల పండుకుంటలేడట." నేనడిగితే ఎక్కడ పడుకుంటున్నాడో అతనికీ తెలియదు. జూలై దాకా ఆగుతానని సంతకం పెట్టి, మార్చిలోనే వాణ్ని వీధిలోకి తోశావా? నీ సంతకానికి ఇదేనా విలువ?

సరే. నిన్ను బతిమాలి లాభం లేదని ఒక పని చేశాను. ఇక్కడికి యాభై కిలోమీటర్ల దూరంలో, పక్క జిల్లా పల్లెలో ఒక ఇల్లు దొరికేలా ఉంది. ఇంటామె మిసెస్ హార్టిగన్, డెబ్బై దాటింది, మూడు ముసలి కుక్కలున్నాయి, నోరు నీకంటే ఒక్క మెట్టు కింద. మొదటి మాటే, "నీకు వంట వచ్చా అని అడగను, కుక్క మంచిదా చెప్పు" అంది. పోపు పెట్టుకోవచ్చు. పెరడు ఉంది. బూజు ఉంది గాని ఆవిడ దానికి పొగడ్తలేమీ చెప్పలేదు.

అక్కడి నుంచి రోజూ ఆసుపత్రికి రావడం కుదరదు. నీకు తెలుసు, నాందేడ్‌లో ఎనిమిదేళ్లు వార్డుల్లో తిరిగాను, ఆపరేషన్ థియేటర్లో అడుగు పెట్టనివ్వలేదు. ఇక్కడ పెట్టనిచ్చారు. ఆ ఉద్యోగం వదిలి ఆ పల్లెలోని వృద్ధాశ్రమంలో చేరాలి. చేరతాను. నీ గడువు పుణ్యమే.

ఒక్కటే అడ్డం. ఇక్కడ కుక్క ఇంతకు ముందున్న ఇంటి యజమాని దాని నడవడిక గురించి ఉత్తరం ఇవ్వాలి. నవ్వకు, ఇక్కడ ఇదే పద్ధతి. ఆ ఉత్తరం నా చేతికి రాకూడదు, నేరుగా ఆవిడకే చేరాలి. వాడు ఇంతకుముందున్న ఇల్లు నీదే కాబట్టి రాయాల్సింది నువ్వే. సమయపాలన అంటే ఏమిటో తెలియనివాళ్లకు కూడా సమయపాలన కలవాడు అని సర్టిఫికెట్లు రాసినదానివి. నాలుగు మంచి ముక్కలు ఇంగ్లీషులో రాయి. వాడు నెమ్మదస్తుడు, శుభ్రంగా ఉంటాడు, అరవడు. కొంచెం అబద్ధమైతే అయింది.

వాడు ఎక్కడ పడుకుంటున్నాడో కూడా రాయి.

హరి

*

నాందేడ్
14 ఏప్రిల్ 2025

చి. హరిప్రియకు,

కొంచెం అబద్ధమా? గుమస్తాలకు ఇంక్రిమెంట్లు ఆగిపోతాయని తెలిసీ నేను తప్పుడు ఎంట్రీ వేయలేదు. పొట్ట చేతపట్టుకుని నా టేబులు ముందు నిలబడ్డవాళ్లకే వేయనిదాన్ని, నెయ్యి చపాతీ తినే కుక్కకు వేస్తానా? సర్టిఫికెట్ అడిగావు, ఇచ్చాను. దత్తు నేరుగా ఆ ముసలమ్మకు పంపాడు. వాడికి తెలుగు చదవడం రాదు గాని ఇంగ్లీషు వచ్చు. చదివి, గల్లీ అంతా చెప్పి, ఆ తర్వాత పంపాడు. తెలుగు నకలు నీకోసం కింద ఇస్తున్నాను.

"ముకాదం అనబడే కుక్క గురించి. వయసు సుమారు నాలుగేళ్లు. జాతి లేదు. రంగు తడిసిన గోనెసంచి రంగు. ఏడాదిగా నా ఇంట్లో ఉంటోంది. అద్దె ఇవ్వదు. పనిచేయదు, పనిచేసేవాళ్లను చూస్తుంది. పోస్టుమాన్‌ను చూసి అరుస్తుంది, కొరియర్ అతన్ని చూసి అరవదు, దీనికి కారణం అడిగినా చెప్పదు. పొద్దున అయిదుకు పది నిమిషాల ముందు లేస్తుంది, లేచాక ఇంకెవరినీ పడుకోనివ్వదు. నెయ్యి లేని రొట్టె ముట్టదు. వర్షం అంటే భయం, ఉరిమితే మంచం కింద దూరి బయటికి లాగినా రాదు, పక్కన నేల మీద కూర్చుని వీపు మీద చెయ్యి వేస్తే గాని వణుకు తగ్గదు. పడుకునే ముందు మూడుసార్లు తిరుగుతుంది, ఎప్పుడూ కుడివైపుకే, తర్వాత మంచం కోడుకు వీపు ఆనించి తుమ్ముతుంది. తుమ్మకపోతే ఒంట్లో బాగాలేదని అర్థం. ఎడమ చెవి వెనక గోకితే కాలు దానంతటదే ఆడుతుంది, ఇది సభ్యత కాదు. ఇంటికి వచ్చినవాళ్లలో ఎవరు మంచివాళ్లో దానికి తెలుసునని దాని అభిప్రాయం. రెండుసార్లు నిజమైంది, అది కాకతాళీయం. పై అధికారి పట్ల గౌరవం లేదు. తిడితే వచ్చి పక్కన కూర్చుంటుంది. నా ఉద్దేశంలో ఏ ఇంటి యజమానీ దీన్ని ఉంచుకోవడం తెలివైన పని కాదు. సత్యభామ, రిటైర్డ్ ఆఫీస్ సూపరింటెండెంట్."

కొట్టివేతలు లేవు. అక్షరం అక్షరం నిజం.

రక్తం ఏప్రిల్ ఐదున తీయించాను. రిపోర్టు వస్తే పంపిస్తాను.

ధర్మాబాద్ బండి గురించి ఎవర్ని ఏం అడిగినా అది నా ఇష్టం. ఎక్కడ పడుకుంటుందో తెలుసుకుని నువ్వేం చేస్తావు? వచ్చి దుప్పటి కప్పుతావా?

సత్యభామ

*

లిమరిక్
4 మే 2025

అత్తకు,

నీ నకలు చదివి ఆసుపత్రి క్యాంటీన్‌లో అందరి ముందూ ఏడ్చాను. కోపంతో. ఒక మనిషి ఇంకో మనిషికి ఇంత శ్రద్ధగా, పాయింటు పాయింటుగా ద్రోహం చేయడం నేనెప్పుడూ చూడలేదు. అరుస్తుందని రాశావు. వణుకుతుందని రాశావు. చివర్లో తెలివైన పని కాదు అని ముద్ర కూడా కొట్టావు. ఇల్లు పోయిందనుకున్నాను. ఆవిడకు మొహం చూపించలేక వారం రోజులు ఫోన్ ఎత్తలేదు.

నిన్న ఆవిడే ఆసుపత్రికి వచ్చింది. డాక్టరుకు చూపించుకోవడానికని చెప్పింది గాని నమ్మను, ఆవిడకు డాక్టర్లంటే నీకు కుక్కలంటే ఉన్నంత గౌరవం. సంచిలోంచి నీ సర్టిఫికెట్ తీసింది. ఎర్ర పెన్సిలుతో గీతలు గీసి ఉంది. మూడుసార్లు కుడివైపుకే తిరగడం దగ్గర ఒకటి, తుమ్ము దగ్గర ఒకటి.

"నా సొరుగులో ఇలాంటి ఉత్తరాలు పదకొండున్నాయి. ఆ పదకొండింటిలోనూ దేవతలున్నారు. ఇదొక్కటే కుక్క గురించి రాసింది" అంది. జూలై ఒకటి నుంచి ఇల్లు నాదేనంది.

తర్వాత ఇంకో మాట అంది. నీకు నవ్వొస్తుంది గాని రాస్తాను. "ఇది రాసినావిడ ఈ కుక్కను నీకిస్తోందని నాకనిపించడం లేదు. ఇల్లు మారే ముందు ఆమెను ఒకసారి అడుగు."

నేను పకపకా నవ్వాను. మా అత్త సంగతి నీకు తెలియదు, ఆమె వాణ్ని మార్కెట్లో వదలడానికి రైలు టైము కూడా కనుక్కుంది అని చెప్పాను. ఆవిడ నన్ను చూసిన చూపు నాకు నచ్చలేదు. ముసలితనంలో కొందరికి ప్రతిదాంట్లోనూ ప్రేమ కనిపిస్తుంది, పాపం.

అయినా అడుగుతానని మాటిచ్చాను కాబట్టి అడుగుతున్నాను. ముకాదంను ఇవ్వడం నీకు ఇష్టమేనా? ఇక నవ్వుకో.

థియేటర్ ఉద్యోగానికి రాజీనామా ఈ నెల ముప్పై ఒకటిన ఇస్తున్నాను. ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు, నా చోటుకు ఇద్దరు కాచుకుని ఉన్నారు. రక్తం రిపోర్టు ఇంకా రాలేదు. విమానం వాళ్లు అడుగుతున్నారు, వెంటనే పంపు.

ఇంకొకటి. మంచం కోడుకు వీపు ఆనించి పడుకుంటాడని రాశావు. ఏ మంచం?

హరి

*

నాందేడ్
18 మే 2025

హరీ,

ఏ మంచం అని అడిగావు. ఇంట్లో ఉన్నది ఒకటే మంచం.

ముందు ఒక తప్పుడు ఎంట్రీ సరిచేయాలి. ఏప్రిల్ ఐదున రక్తం తీయించానని రాశాను. తీయించలేదు. ఆ రోజు పొద్దున ఆటో పిలిచాను. వాడు ఎక్కి సీటు మీద దొరలా కూర్చున్నాడు. నేను ఎక్కలేదు. ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టాడు. దింపుకుని ఇంట్లోకి వచ్చేశాను. డాక్టరు శుభాంగి ఫోన్ చేస్తే ఊళ్లో లేనని చెప్పాను, వెనక నుంచి వాడు అరుస్తూనే ఉన్నాడు. ముప్పై ఆరేళ్లలో వేయని తప్పుడు ఎంట్రీ ఒక కుక్క కోసం వేశాను. అదీ నిజం తప్ప రాయనని నీకు ఉపన్యాసం ఇచ్చిన ఉత్తరంలోనే.

ఫిబ్రవరిలో తీసుకుపొమ్మని నిజంగానే అన్నాను. ఆసుపత్రిలో నా కుచ్చిళ్లలో తల దాచుకున్న రోజు నుంచి ఆ మాట మీద నాకు ఇష్టం పోయింది. అప్పటికే నువ్వు వరుసల్లో నిలబడుతున్నావు. నోటితో అన్నదైతే కాదని ఉండేదాన్ని. కాగితం మీద పెట్టి, తేదీ వేసి, సంతకం చేసి చచ్చాను. నా సంతకం నేనే కొట్టేసుకోవడం నాకు చేతకాలేదు. దత్తును బండి టైము అడిగింది కూడా వాడు నీకు చేరవేస్తాడని తెలిసే. సర్టిఫికెట్ అలా రాస్తే ఇల్లు రాదనుకున్నాను. ఇల్లు రాకపోతే నీ ఉద్యోగమూ ఉంటుంది, కుక్కా ఉంటుంది, నేను ఏమీ ఒప్పుకోనక్కర్లేదు. ఆ ముసలమ్మ అంతా పాడుచేసింది.

నీ ఉత్తరం చదివి ఆమె మీద ఒళ్లు మండిపోయింది. ఏడు సముద్రాల అవతల కూర్చుని, ఎర్ర పెన్సిలు పట్టుకుని, సత్యభామ కుక్కను ఇవ్వదని ఎట్లా తేల్చింది? నేను రాసిన కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు మా పెద్ద సారు కూడా వరుసల మధ్య అర్థాలు వెతుకుతూ చదవలేదు. సరే చూద్దాం, ఇవ్వగలనో లేదో అనుకుని గురువారం పొద్దున ధర్మాబాద్ బయలుదేరాను.

కుక్కను గార్డు పెట్టెలో వేయాలి, దానికి పార్సిల్ ఆఫీసులో కాగితం నింపాలి. నేను పదకొండేళ్లు కూర్చున్న కిటికీ అదే. ఇప్పుడు కూర్చున్న అమ్మాయికి ఫారం ఎక్కడుందో తెలియదు, నేనే చెప్పాను. యజమాని పేరు అన్న గడిలో హరిప్రియ, ప్రస్తుతం విదేశంలో అని రాశాను. ముద్‌ఖేడ్‌లో బండి ఆగితే దిగి గార్డు పెట్టె దాకా నడిచాను. ఉమ్రిలోనూ దిగాను. వాడు పుట్టిన ప్లాట్‌ఫారం కదా, ఏమైనా గుర్తుపడతాడేమోనని చూశాను. నిద్రపోతున్నాడు. కృతజ్ఞత లేని జంతువు.

మార్కెట్లో పసుపు బస్తాలు లారీకి ఎక్కిస్తున్నారు. తాడు విప్పేశాను. విప్పగానే హమాలీల ముందుకు పోయి కూర్చున్నాడు, ఒక్కో బస్తానూ లారీ దాకా చూపుతో సాగనంపుతూ. వాళ్లు నవ్వారు. నేను వెనక్కి తిరిగి నడవాలి. వెళ్లేటప్పుడు ఎన్ని అడుగులు వేయాలో కూడా ఇంట్లోనే అనుకుని వచ్చాను. టీ కొట్టు బల్ల మీద కూర్చుని రెండు టీలు తాగాను, మంచి టీ కూడా కాదు.

హమాలీల్లో పెద్దాయన, భీమ్‌రావు అన్నారు, నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, గీ కుక్క మీదేనా? మంచిగున్నది. మా గోదాం కాడ ఉంచుకుంట, ఇచ్చి పోతరా?" అన్నాడు. మంచి మనిషి. ఆ గోదాంలో వాడికి తిండికి లోటుండదు, నేను వెతుక్కుంటూ వచ్చిన మనిషే తనంతట తాను వచ్చి అడుగుతున్నాడు. నేను సరే అని ఉంటే నా సంతకం నిలబడేది.

"ఇయ్యను. గిది నా కుక్క" అన్నాను.

ఆ మాట విని వాడేమీ తోక ఊపలేదు. బస్తాలు అయిపోయాక వచ్చి నా కాళ్ల మీద పడుకున్నాడు, అంతే.

సాయంత్రం బండికి ధర్మాబాద్ స్టేషన్లో మళ్లీ ఫారం నింపాలి. కింద ఒక వరుస ఉంటుంది, దారిలో ఏం జరిగినా బాధ్యత యజమానిదే అని. పదకొండేళ్లలో ఎంతమంది చేత ఆ వరుస కింద సంతకం చేయించానో లెక్కలేదు. నేను చేయడం మొదటిసారి. యజమాని గడిలో సత్యభామ, నాందేడ్ అని రాశాను. రసీదు జిరాక్సు దీనికి జతచేశాను, చూసుకో.

వాడు లేని గదిలో నాకు నిద్ర పట్టదు. వాడంటే నాకు ఇష్టం. రాశాను, రెండోసారి రాయించకు.

నీ కుక్కను నేను తీసుకున్నాను. దాన్ని ఇంకో మాటతో కప్పిపెట్టను. చలిలో ఎత్తుకున్నది నువ్వు, పేరు పెట్టింది నువ్వు, వానలో నలభై మంది వెనక నిలబడింది నువ్వు. నన్ను తిట్టు. కాగితం మీద తిట్టు, దాచుకుంటాను. కాని ముప్పై ఒకటిన రాజీనామా ఇవ్వకు. ఎనిమిదేళ్లు తలుపు బయట నిలబెట్టిన చోట నిన్ను లోపలికి రానిచ్చారు, ఒక కుక్క కోసం బయటికి రావడానికి నువ్వేమైనా నా అంత పిచ్చిదానివా? ఆ హార్టిగన్ దగ్గర మూడున్నాయన్నావు. ఆదివారం ఆదివారం పో. నీ కోసం లేచేది ఒక్కటైనా ఉంటుంది అందులో. నెయ్యి అలవాటు చేయకు.

సెలవు దొరికితే రా. వాణ్ని చూడొచ్చు, కావాలంటే సాయంత్రం నడకకు తీసుకుపోవచ్చు. స్తంభాల దగ్గర తొందర పెట్టకూడదు.

సర్టిఫికెట్ కాపీ ఉంచాలా, చింపేయాలా అని దత్తు అడిగాడు. ఉంచమన్నాను. ఇంటి ముందు రోడ్డు వెడల్పు చేస్తారంటున్నారు. రేపు నేను అద్దె ఇల్లు వెతుక్కోవాల్సి వస్తే, కుక్క ఉందని ఎవడైనా అడుగు వెనక్కి వేస్తే, చూపించడానికి చేతిలో ఒక కాగితం ఉండాలి.

సత్యభామ